మబ్బు దిగిన రోజు మదీరా కొండల్లో ఏ దారి పట్టాలి?

పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవికి వెళ్లినవాళ్లలో చాలామందికి ఎదురయ్యే చిక్కు ఇది. కొండల మీద నడవడానికి ఒక్క రోజే మిగిలి ఉంటుంది. పొద్దున్నే లేచి తలెత్తి చూస్తే కొండలుండాల్సిన చోట తెల్లటి గోడ కనిపిస్తుంది. వెళ్లాలా, మానాలా? వెళ్లమనే నేను చెబుతాను. అయితే ఎండ కాసే రోజు కోసం అనుకున్న దారి అలాంటి రోజుకు పనికిరాదు. దారులన్నింటినీ ఎంత పొడవు, ఎంత ఎత్తు, ఎంత అందం అని పోల్చే జాబితాలు చాలానే దొరుకుతాయి. మబ్బు దిగిన రోజు ఆ లెక్కలన్నీ తలకిందులవుతాయి. ఆ రోజు ప్రతి దారి గురించీ అడగాల్సింది ఒక్కటే: పొగమంచు ఈ దారి నుంచి ఏం తీసేస్తుంది, దానికి ఏం ఇస్తుంది?

దీవి చిన్నదే. పొడవు 57 కిలోమీటర్లు, వెడల్పు 22. అట్లాంటిక్ అడుగు నుంచి లేచిన అగ్నిపర్వతం నీటిపైన చూపించే భాగం ఇంతే. ఇంత చిన్న నేలలోనే శిఖరాలు 1,800 మీటర్లు దాటతాయి. పికో రూయ్వో 1,862 మీటర్లు, పికో దో అరియేరో 1,818. సముద్రపు ఒడ్డున బయల్దేరిన కారు గంటలోపే అరియేరో శిఖరం మీద ఉంటుంది. వాతావరణం కూడా అంతే వేగంగా మారిపోతుంది.

మబ్బు మీకు పైనుందా, కిందుందా?

దారి ఎంచుకునే ముందు దీన్ని తేల్చుకోవాలి. అక్కడ మనం పొగమంచు అనేది నిజానికి కొండను ఆనుకుని నిలబడిన మబ్బు. ఈశాన్యం నుంచి వచ్చే వ్యాపార పవనాలు సముద్రపు తేమను మోసుకొచ్చి ఉత్తరపు వాలుకు కొడతాయి. గాలి పైకి లేచి చల్లబడి మబ్బుగా మారుతుంది. కొంత ఎత్తుకు పోయాక దాని మీద వెచ్చటి, పొడి గాలి పొర ఒకటి గిన్నె మీద మూతలా కూర్చుని ఉంటుంది. మబ్బు ఆ మూతను దాటి పైకి పోలేదు. అందుకే చాలా రోజుల్లో మబ్బు దీవి నడుముకు చుట్టిన పంచెలా కనిపిస్తుంది. వెయ్యి, పన్నెండు వందల మీటర్ల దగ్గర చెట్లు తడిసి ముద్దవుతుంటే, పదిహేడు వందల మీటర్ల దగ్గర రాళ్లు ఎండకు కాలుతుంటాయి.

కాబట్టి దీవి రాజధాని ఫుంషాల్ వీధిలో నిలబడి కొండవైపు చూసి "ఇవాళ పనికాదు" అనుకోవడం తొందరపాటు. కింద నుంచి కనిపించేది మబ్బు అడుగు భాగమే. పైభాగం ఎక్కడ ముగిసిందో తెలియాలంటే అరియేరో మీద ఉన్న ప్రత్యక్ష కెమెరాలను ఫోన్‌లో చూడాలి. కెమెరాలో నీలాకాశం, దాని కింద దూదిసముద్రం కనిపిస్తే మీకు దొరికింది దీవిలోకెల్లా గొప్ప రోజు. కెమెరా అద్దం మీద బూడిద రంగు తప్ప ఏమీ లేకపోతే మూత శిఖరాల కన్నా పైన ఉందన్నమాట.

ఇది కాక మూడోది ఒకటుంది. అట్లాంటిక్ మీద నుంచి వాయుగుండం వస్తే మబ్బు ఎత్తును బట్టి ఉండదు. ఒడ్డు నుంచి శిఖరం దాకా ఒకే బూడిద రంగు, ఆగని వాన, దిక్కు మార్చే గాలి. అలాంటి రోజును "పొగమంచు రోజు" కింద జమకట్టొద్దు. 2010 ఫిబ్రవరి 20న అలాంటి కుండపోతకే కొండవాగులు బురదతో, బండలతో ఫుంషాల్ మీదికి దూకి 40 మందికి పైగా ప్రాణాలు తీశాయి. అక్కడి లోయలు నిటారుగా ఉంటాయి. పైన పడిన వాన కిందికి రావడానికి పెద్ద సమయం పట్టదు. వాతావరణ హెచ్చరిక ఉన్న రోజు కొండ జోలికి వెళ్లకండి. ఈ రాతలో ఇక మిగిలినదంతా గాలి మామూలుగా ఉండి మబ్బు మాత్రమే దిగిన రోజు గురించి.

రెండు శిఖరాల దారి: పైన ఎండ ఉంటేనే

పికో దో అరియేరో నుంచి పికో రూయ్వో వరకు వెళ్లే పీఆర్ 1 (గుర్తులు పెట్టిన అధికారిక నడకదారులకు ఇచ్చే సంఖ్య ఇది) దీవిలో అందరూ కలగనే దారి. ఒకవైపుకు సుమారు 7 కిలోమీటర్లు. కత్తి అంచు లాంటి గట్లు, రాతిలో తొలిచిన మెట్లు, చీకటి సొరంగాలు, పట్టుకోవడానికి ఇనుప తీగలు ఉంటాయి. అగ్నిపర్వతం లోపలి పగుళ్లలో గడ్డకట్టిన లావా పలకలు, చుట్టూ ఉన్న మెత్తని రాయి కొట్టుకుపోయాక, గోడల్లా నిలబడి ఉండటం ఇక్కడ కళ్లారా చూడొచ్చు.

"దారి స్పష్టంగా ఉంటుంది, తీగలు కట్టి ఉంటాయి, పొగమంచులోనూ తప్పిపోరు" అని దీన్ని సిఫార్సు చేసేవాళ్లున్నారు. తప్పిపోరన్నది నిజమే. నా అభ్యంతరం అది కాదు. మబ్బులో ఆ మెట్లు నూనె రాసినట్టుంటాయి. గట్టు మీద మలుపు తిరిగిన చోట గాలి మనిషిని ఒక అడుగు పక్కకు నెట్టగలదు. ఎదురుగా వచ్చేవాళ్లు చివరి క్షణంలో కనబడతారు. ఇన్ని భరించి నడిస్తే దక్కేదేమిటి? ఈ దారి ఇచ్చేదంతా దృశ్యమే. అదే లేనప్పుడు మిగిలేది మెట్లు, మళ్లీ మెట్లు. ఎక్కువమంది గమనించని విషయం ఇంకొకటుంది. రెండు శిఖరాల మధ్య దారి 200 మీటర్లకు పైగా కిందికి దిగి, మళ్లీ పైకెక్కుతుంది. అంటే అరియేరో దగ్గర ఎండ ఉన్నా మధ్య భాగం మబ్బులో మునిగి ఉండొచ్చు. శిఖరం నుంచి చూసినప్పుడు మబ్బు పైభాగం మీకు కనీసం మూడు వందల మీటర్ల కింద ఉంటేనే బయల్దేరండి.

2024 ఆగస్టు కార్చిచ్చు ఈ ప్రాంతాన్ని కాల్చింది. ఆ తర్వాత ఈ దారిని చాలాకాలం మూసి ఉంచారు. కాబట్టి ఏ దారి తెరిచి ఉందో బయల్దేరే రోజున అధికారిక జాబితాలో చూసుకోవడం తప్పనిసరి. మూసి ఉన్నదాన్ని దాటుకుని వెళ్లొద్దని చెప్పడానికి కారణం చట్టం ఒక్కటే కాదు. కాలిన వాలు మీద వేళ్ల పట్టు ఉండదు, రాళ్లు జారతాయి. పైగా ఈ కొండచరియల బొరియల్లోనే జీనోస్ పెట్రెల్ అనే సముద్రపక్షి గుడ్లు పెడుతుంది. లోకంలో అది గూడు కట్టుకునేది ఇక్కడ మాత్రమే. అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి గూళ్లను 1969లో మళ్లీ కనుగొన్నారు. ఉన్నవి కొన్ని పదుల జంటలే. 2010 మంటల్లో వాటి పిల్లలు చాలా చచ్చిపోయాయి. గట్టు దారి వదిలి చరియ మీద వేసే ప్రతి అడుగూ వాటి ఇంటి కప్పు మీద పడుతుంది.

అదే శిఖరానికి దగ్గరి దారి

పికో రూయ్వోకు అషాదా దో తెయ్‌షెయిరా నుంచి మరో దారి ఉంది. అది పీఆర్ 1.2. కారు ఆపే చోటే 1,592 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి శిఖరానికి 2.8 కిలోమీటర్లు. దారి పొడవునా రాళ్లు పరిచారు, నడుమ నడుమ తలదాచుకునే చిన్న రాతి గదులున్నాయి, శిఖరానికి కాస్త కింద ఒక విడిది ఉంది.

మబ్బు ఎక్కడ ముగిసిందో తేలనప్పుడు నేను ఎంచుకునేది ఇదే. పందెం చిన్నది, గెలిస్తే లాభం పెద్దది. కారు ఆపినచోట పది అడుగుల దూరం కనిపించకపోయినా, మూడు వందల మీటర్ల లోపు ఎత్తు ఎక్కితే చాలు, మూతను దాటి బయటపడే అవకాశం ఉంది. బయటపడకపోతే పోయేది రెండు మూడు గంటలు. వచ్చిన రాళ్లబాటే వెనక్కి తీసుకొస్తుంది. తప్పిపోవడానికి అక్కడ చోటే లేదు. పెద్దవాళ్లు, పదేళ్ల పిల్లలు వెంట ఉన్నవాళ్లు, ఆలస్యంగా బయల్దేరినవాళ్లు వేరే ఆలోచన పెట్టుకోనవసరం లేదు.

మబ్బు అంచున నిలబడి, వీపుకు ఎండ తగులుతుంటే ముందున్న తెల్లటి తెర మీద చూడండి. మీ నీడ పొడుగ్గా సాగి, తల చుట్టూ రంగుల వలయం కనిపించవచ్చు. మబ్బులోని నీటి బిందువులు వెలుగును వెనక్కి వంచి పంపడం వల్ల ఏర్పడే వలయం అది. పక్కన నిలబడ్డ మనిషికి తన తల చుట్టూ ఉన్నదే కనబడుతుంది, మీ తల చుట్టూ ఉన్నది కనబడదు. ఎండ పూర్తిగా ఉన్న రోజూ దొరకదు, మబ్బు పూర్తిగా ఉన్న రోజూ దొరకదు.

పౌల్ ద సెర్రా, ఫనాల్: ఒకే పేరుతో చెప్పే రెండు నడకలు

కెమెరాలో బూడిద రంగు తప్ప ఏమీ లేదంటే కారును పడమరకు తిప్పండి. అక్కడ లావా పొరలు పరుచుకుని ఏర్పడిన పౌల్ ద సెర్రా పీఠభూమి 1,400 మీటర్లకు పైన ఉంటుంది. నిటారు దీవిలో చదునైన నేల ఇంత ఉన్నది ఇక్కడే. పౌల్ అంటే పోర్చుగీసులో చిత్తడి నేల. దాని వాయవ్యపు వాలు దిగితే ఫనాల్ అడవి వస్తుంది. ఈ రెంటినీ కలిపే పీఆర్ 13 దారి 10.8 కిలోమీటర్లు. పీఠభూమి అంచున మొదలై ఫనాల్‌లో ముగుస్తుంది.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. గట్ల దారి భయంకరంగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని మానేసి, చదునుగా ఉన్న పీఠభూమి సురక్షితం అనుకుంటారు. పొగమంచులో దీనంత మోసం చేసే నేల ఆ దీవిలో ఇంకొకటి లేదు. గట్టు మీద దారి ఒకటే. ఇక్కడ ఎటు చూసినా దారే. ఫెర్న్ పొదల మధ్య పశువులు తొక్కిన బాటలు మనుషులు నడిచిన బాటల్లాగే ఉంటాయి. అవి కొంతదూరం నమ్మకంగా తీసుకెళ్లి గడ్డిలో కలిసిపోతాయి. ఎత్తుపల్లాలు లేవు కాబట్టి కాలికి కూడా దిక్కు తెలియదు.

నేనూ అలాగే తప్పిపోయాను. మేమిద్దరం, మధ్యాహ్నం వేళ. ముందు నడిచే మనిషి ఇరవై అడుగుల తర్వాత మాయమవుతున్నాడు. గాలిమర రెక్కల చప్పుడు తలమీదే వినిపిస్తోంది, మర మాత్రం కనబడదు. ఒక ఆవు బాట పట్టుకుని పావుగంట నడిచాక దారి గుర్తు ఒక్కటీ తగల్లేదని తెలిసింది. ఆగాం. నిలబడ్డ చోటు కదలకుండా ఫోన్ తీస్తే తడి చేతులకు తెర పలకడం లేదు. చొక్కా లోపలి అంచుతో తుడిచి, ముందే దించుకున్న పటం తెరిచి చూస్తే దారికి దక్షిణంగా చాలా దూరం వచ్చేశాం. తిరిగి వెళ్లేటప్పుడు ఈశాన్యపు గాలే పనికొచ్చింది. వాయవ్యం వైపు నడుస్తున్నంతసేపూ అది కుడి చెంపకు తగలాలి. ముఖానికి తగిలితే మనం వంకర పోతున్నట్టే. దిక్సూచిని మాత్రం బండరాయి మీద పెట్టి చదవొద్దు. లావా రాళ్లలో ఇనుప ఖనిజం ఉండటంతో ముల్లు పక్కకు లాగుతుంది. చేతిలో ఎత్తి పట్టుకుని, రెండు మూడు చోట్ల చూసి సరిపోల్చుకోవాలి.

ఇప్పుడు రెండో సగం. ఫనాల్‌లో పొగమంచు వల్ల పోయేది ఏమీ లేదు. అక్కడికి పొగమంచు కోసమే వెళ్లాలి.

సుమారు 1,150 మీటర్ల ఎత్తు, మబ్బు రోజూ వచ్చి నిలిచే చోటు. పచ్చిక మైదానంలో అక్కడొకటి, ఇక్కడొకటిగా తిల్ అనే చెట్లు. లారెల్ కుటుంబానికి చెందినవి. మొదళ్లు గుహల్లా తెరుచుకుని, కొమ్మలు నేలను తాకి మళ్లీ లేచి, ఒళ్లంతా నాచు పట్టి ఉంటాయి. పోర్చుగీసు ఓడలు ఈ దీవికి 1419లో వచ్చాయి. కొన్ని చెట్లు అంతకు ముందువేనని చెబుతారు. ఎండలో చూస్తే అవి వంకర చెట్లే. వెనకున్న కొండ, రోడ్డు, కార్లు, మనుషులు అన్నీ కనిపిస్తూ చెట్టును చిన్నబుచ్చుతాయి. మబ్బు రాగానే వెనకున్నదంతా చెరిగిపోయి ఒక్కొక్క చెట్టు ఒంటరిగా నిలబడుతుంది. మీరు పది అడుగులు వేస్తే ఒకటి కరిగిపోయి ఇంకొకటి రూపం కడుతుంది.

ఆ అడవి బతికేదే ఈ తెల్లదనం మీద. గాలి మోసుకొచ్చే మబ్బును ఆకులు దువ్వెనలా దువ్వుతాయి. సన్నని బిందువులు ఆకు మీద చేరి, బరువెక్కి, చుక్కలుగా రాలతాయి. వాన లేకుండానే నేల తడుస్తుంది. ఆ నీరు రంధ్రాలున్న లావా రాళ్లలోకి ఇంకి, ఎక్కడో కింద గట్టి పొర తగిలినచోట ఊటలై బయటపడుతుంది. ఎండిన దక్షిణ వాలుకు కాలువల్లో పారేది ఇలా ఒడిసిపట్టిన నీరే. లారిసిల్వా అని పిలిచే ఈ లారెల్ అడవి దాదాపు 15,000 హెక్టార్లు. యునెస్కో 1999లో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

ఎలా నడవాలంటే, పీఆర్ 13 మొత్తం నడవాలన్న పట్టుదల వదిలేయండి. ఫనాల్ వరకు రోడ్డుంది. కారు అక్కడ ఆపి, అడవి వైపు నుంచే దారిలోకి ప్రవేశించి, గుర్తులు స్పష్టంగా కనబడుతున్నంత దూరం వెళ్లి అదే దారిన వెనక్కి రండి. పీఠభూమి వైపు నుంచి మొదలుపెడితే బయలు నేల ముందొస్తుంది, వాహనం వెనకెక్కడో ఉండిపోతుంది, తిరిగి వెళ్లాలంటే మనసు రాదు. ఉదయం పది నుంచి మూడు దాకా జనం ఎక్కువ. మబ్బు సాధారణంగా మధ్యాహ్నం దాటాక చిక్కబడుతుంది. కాబట్టి చివరి రెండు మూడు గంటల వెలుగు మంచిది. చెట్లెక్కడం, వేళ్ల మీద నిలబడి ఫొటోలు దిగడం దయచేసి మానండి. వందల ఏళ్ల చెట్టు మొదట్లో మట్టి గట్టిపడితే వేళ్లకు ఊపిరాడదు. అడుగుల తాకిడికి అక్కడి మట్టి ఇప్పటికే పల్చబడింది.

కాలువ గట్టు నడకలు

లెవాడలు అంటే తడి ఉత్తరం నుంచి పొడి దక్షిణానికి నీళ్లు తెచ్చిన కాలువలు. నీళ్లతో పాటే నడక కాబట్టి దారి దాదాపు సమతలం. పొగమంచులో కాలువ చేతిపట్టుకుని తీసుకెళ్తుంది, తప్పిపోయే ప్రసక్తి లేదు. కెయ్‌మాదాస్ నుంచి కల్దెయిరావ్ వెర్దె జలపాతానికి వెళ్లే పీఆర్ 9, రబసాల్ దగ్గర ఇరవై అయిదు ఊటలకు వెళ్లే పీఆర్ 6, ఈ రెండూ పేరున్నవి. మొదటిది పొడవు, సొరంగాలున్నాయి, టార్చ్ లేకుండా కుదరదు. రెండోది దగ్గర, కాబట్టి జనంతో కిక్కిరిసి ఉంటుంది. రెంటిలో నాకు మొదటిదే ఇష్టం.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఎత్తులంటే భయపడేవాళ్లకు మబ్బులో లెవాడ హాయిగా ఉంటుంది, పక్కనున్న లోయ కనిపించదు కనుక. అదే ప్రమాదం. కాలువ గట్టు కొన్నిచోట్ల రెండు అడుగుల వెడల్పు ఉండదు, తీగ తెగి ఉండొచ్చు. కనబడనంత మాత్రాన లోయ ఎటూ పోలేదు. ఎదుటివాళ్లకు దారివ్వాల్సి వచ్చినప్పుడు కాలువ వైపే ఒదగండి. తడిస్తే కాలు తడుస్తుంది, అంతే.

ఇక పికో రూయ్వో నుంచి ఎంకుమియాదా కనుమ వరకు వెళ్లే పీఆర్ 1.3. ఒకవైపుకే పదకొండు కిలోమీటర్లు దాటిన దారి, మధ్యలో రోడ్డు తగలదు. మబ్బు రోజున దాని గురించి ఆలోచించకండి.

నన్నడిగితే

కెమెరాలో ఎండ, మబ్బు చాలా కింద ఉంది, దారి తెరిచి ఉంది: పీఆర్ 1, పొద్దున్నే. మబ్బు శిఖరం దగ్గర ఊగిసలాడుతోంది: అషాదా దో తెయ్‌షెయిరా. అంతా మునిగిపోయింది, గాలి మామూలుగా ఉంది: ఫనాల్, అందులో సందేహమే లేదు. గాలి జోరుగా ఉంది, వాన లేదు: లోపలి అడవిలోని లెవాడ. ఒకే రోజు ఉన్నవాళ్లు పొద్దున రూయ్వో మీద పందెం కాసి, ఓడిపోతే మధ్యాహ్నానికి ఫనాల్ చేరొచ్చు. రెండూ చిన్న నడకలే కాబట్టి అది సాధ్యం. అలాంటి ఓటమి నాకు రెండుసార్లు ఎదురైంది, రెండుసార్లూ మధ్యాహ్నమే గుర్తుండిపోయింది. అయితే చాలా దారులకు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ముందే సమయం తీసుకుని రుసుము కట్టాలి. మార్చుకునే వీలు చూసుకుని తీసుకోండి.

సామాను విషయంలో మూడింటి మీదే పట్టుబడతాను. ఒకటి, గాలిని ఆపే పైచొక్కా. ప్రతి వెయ్యి మీటర్లకు దాదాపు 6 డిగ్రీలు తగ్గుతుంది, దాని మీద తడి. ఒడ్డున చేతుల్లేని బనీనుతో తిరిగినవాళ్లు పైన గంటలో వణుకుతారు. రెండు, తలకు కట్టుకునే టార్చ్. సొరంగాలకే కాదు, డిసెంబరులో సాయంత్రం ఆరుకే పొద్దుగుంకుతుంది, మబ్బులో ఇంకా ముందే. మూడు, ఈల. మబ్బులో చేతులూపితే ఎవరికీ కనబడదు. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదడం కొండల్లో ఆపదకు గుర్తు. ఫోన్ పలికితే 112. బయల్దేరే ముందే వెనుదిరిగే సమయం పెట్టుకుని, వెంట ఉన్నవాళ్లకు గట్టిగా చెప్పండి. మబ్బులో "ఇంకో మలుపు" అనిపించడం సహజం. ప్రతి మలుపూ ఒకేలా ఉంటుంది కాబట్టి ఎంత వచ్చామో తెలియదు.

తిరుగు ప్రయాణంలో పీఠభూమి మీది రోడ్డును నెమ్మదిగా దాటండి. అక్కడి ఆవులకు కంచెలు లేవు, రోడ్డు మీదే నిలబడిపోతాయి. దీపాలను పైకి ఎత్తి వేస్తే మబ్బు ఆ వెలుగును మీ కళ్లలోకే తిప్పి కొడుతుంది. కిందికి దించి పెట్టుకుంటే, ముందు నాలుగు కాళ్లు కనబడతాయి, ఆ తర్వాత ఆవు.